మొదటి బ్యాచిలో ఒకడుండేవాడు

మా తాతయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాడు ఏ పొరపాటు చేసి మొహం వేలాడేసుకుని వచ్చినా, ఆ పొరపాటు ఇంజనీరింగ్ కాలేజీ మొదటి బ్యాచిలో ఒకడు ఎప్పుడో చేసేశాడని చెప్పడం. అంతకన్నా ఘోరంగా చేశాడని చెప్పడం. ఆ తర్వాత వాడు చాలా గొప్పవాడయ్యాడని ముగించి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం.

ఈ జబ్బుకి సమయం సందర్భం ఉండవు. ఒకరోజు పొద్దున్నే అమ్మమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. పొంగి, పొయ్యంతా పాలే.

"బాధపడకు. మొదటి బ్యాచిలో ఒకడుండేవాడు. బాయిలరు కింద మంట పెట్టి, లోపల నీళ్లు పొయ్యడం మరిచిపోయాడు" అన్నాడు తాతయ్య.

"తర్వాతేమయ్యాడు?"

"కరెంటు తయారుచేసే కేంద్రానికి పెద్ద ఇంజనీరయ్యాడు."

"అయితే నన్నూ అక్కడికే పంపించండి. ముందా గుడ్డ ఇలా అందుకోండి, పొయ్యి తుడవాలి."

మంగలి షాపులో ఇంకా పెద్ద గొడవే జరిగింది. మంగలి మాటల్లో పడి తాతయ్యకి ఒక పక్క జుట్టు మరీ లోపలికి కోసేశాడు. కత్తెర కింద పెట్టి బిక్కమొహం వేశాడు. తాతయ్య అద్దంలోంచే వాణ్ణి ఓదార్చాడు.

"మొదటి బ్యాచిలో ఒకడు కొండకి రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వించాడయ్యా. మధ్యలో రెండూ కలవలేదు."

"అయ్యో, ఏం చేశాడు సార్?"

"రెండు సొరంగాలు కట్టానని చెప్పి రెండింటికీ రిబ్బన్లు కట్టించాడు. రైల్వేలో వాడంత పేరు ఎవరికీ రాలేదు."

మంగలికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చి రెండో పక్క కూడా అలాగే కోసేశాడు. ఇంటికొస్తే అమ్మమ్మ తలుపు సందులోంచి చూసి, "ఆయన ఇంట్లో లేరండీ, తర్వాత రండి" అంది.

ఇంతకీ ఆ మొదటి బ్యాచి సంగతి చెప్పాలి. తాతయ్య ఆ బ్యాచిలోనే చదివాడు. చదువయ్యాక అక్కడే మాస్టారయ్యాడు. రిటైరయ్యాక కూడా రోజూ కాలేజీకి వెళ్తూనే ఉన్నాడు. రిటైరైనవాళ్లు రాకూడదని ఆయనకెవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పబోయినవాళ్లు కూడా ఏదో ఒక తప్పు చేసి ఆయన దగ్గర ఓ కథ విన్నవాళ్లే.

కాలేజీ పుట్టింది ధాన్యం గోదాములో. అప్పుడు ఉన్నవి మూడే బ్రాంచీలు. గోడలు లేవు కాబట్టి బస్తాలే గోడలు. తలుపు వైపు మెకానికల్, ఎందుకంటే ఉన్న ఒక్క లేతు మిషనూ తలుపు దాటి లోపలికి రాలేదు. బల్బు కింద ఎలక్ట్రికల్. మిగిలిన చీకట్లో సివిల్. వ్యాపారి సరుకు అమ్ముకున్నప్పుడల్లా గోడలు పొట్టివైపోయి, మెకానికల్ వాళ్లకి సివిల్ పాఠం కూడా వినబడేది. చివరికి అందరికీ అన్నీ కొంచెం కొంచెం వచ్చేశాయి, ఏదీ పూర్తిగా రాలేదు. ఈ పద్ధతిని కాలేజీ ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడైతే బ్రాంచీలు ఎన్నో ప్రిన్సిపాలుగారికి కూడా బోర్డులు చూస్తేగాని తెలీదు. పేపర్లో ఏ కొత్త మాట నాలుగు రోజులు వరసగా కనబడినా, వచ్చే ఏడాదికి దాని మీద ఒక బ్రాంచి పుట్టుకొస్తుంది. గది పాతదే. బల్లలు పాతవే. మాస్టారూ పాతాయనే. ఆయన తన కొత్త బ్రాంచి పేరు గుమ్మం మీద చదువుకుని లోపలికెళ్లి పాత పాఠమే చెప్తాడు. కాలేజీ మొత్తం మీద తీరిక లేకుండా పనిచేసేవాడు బోర్డులు రాసే పెయింటరొక్కడే.

ఒకసారి పెయింటరు నిచ్చెన మీంచే అడిగాడు. "సార్, ఈసారి పేరు మరీ పొడుగైపోయింది. గుమ్మం చాలడం లేదు. ఒక మాట తీసెయ్యాలి."

"తీసెయ్" అన్నారు ప్రిన్సిపాలు.

"ఏది తియ్యమంటారు?"

ప్రిన్సిపాలు కింద నిలబడి పేరంతా రెండుసార్లు చదివారు. "ఇంజనీరింగ్ అని ఉంది చూడు, అది తీసెయ్."

ఈ ప్రిన్సిపాలు ఒకప్పుడు తాతయ్య శిష్యుడే. మనిషి మంచివాడు. కాకపోతే కుర్చీ కొంచెం ఎత్తుగా ఉండటం వల్ల కాళ్లు నేలకి ఆనవు. కాలేజీకి వజ్రోత్సవం చెయ్యాలని, కాలేజీ చరిత్రని మెరిసే కాగితాల మీద పుస్తకం వెయ్యాలని ఆయనకి బుద్ధి పుట్టింది. చరిత్ర తెలిసినవాడు తాతయ్యే కాబట్టి పిలిపించారు.

"మాస్టారూ, చరిత్ర కొంచెం వెలుగుగా ఉండాలి. గోదాము అనొద్దు."

"మరేమనాలి?"

"భాండాగారం అనండి."

"ఎలుకలుండేవయ్యా అందులో. బూట్లు కూడా కొరికేసేవి."

"జీవవైవిధ్యం అనండి."

"బాగుంది. దాని మీద ఒక బ్రాంచి కూడా పెట్టొచ్చు."

తాతయ్య వేళాకోళానికన్నాడు. ప్రిన్సిపాలు మాత్రం కలం తీసి రాసుకున్నారు.

తాతయ్య కూర్చునేది వర్క్‌షాపు మెట్ల పక్క బల్ల మీద. పరీక్ష పోయినవాళ్లు, ల్యాబులో ఏదో కాల్చేసినవాళ్లు, ఇంటికి ఏ మొహంతో వెళ్లాలో తెలియనివాళ్లు, నేరుగా హాస్టలుకి పోకుండా ఆ బల్ల మీదుగా పోయేవారు. ఫ్యూజులన్నీ ఎగరగొట్టిన కుర్రాడికి, మొదటి బ్యాచిలో ఊరంతా చీకటి చేసినవాడు దొరికేవాడు. తప్పు వరసలో నిలబడి తప్పు బ్రాంచిలో సీటు తీసుకున్నవాడికి ఇంకో మహానుభావుడు దొరికేవాడు.

"వాడసలు చదువుకే రాలేదురా. గోదాముకి ధాన్యం కొందామని వచ్చాడు. వరస కనబడితే నిలబడ్డాడు. చేతిలో సంచీతోనే చేరిపోయాడు."

"పాసయ్యాడా సార్?"

"మార్కులు కూడా ఆ సంచీలోనే పట్టుకెళ్లాడు."

కుర్రాడు నవ్వేవాడు. నవ్విన తర్వాత వాడికి ఆకలేసేది. ఆకలేసినవాడు ఇంటికి ఉత్తరం రాయడం మానేసి క్యాంటీనుకి వెళ్లేవాడు. బండి అలా నడిచిపోతోంది.

నడుస్తున్న బండికి అడ్డంగా తోరణం లేచింది.

వజ్రోత్సవానికి కాలేజీ గేటు ముందు తోరణంలా కొత్త ముఖద్వారం కట్టాలనుకున్నారు. కొలతలు విద్యార్థులే తీస్తే పేపర్లో బాగుంటుందని ప్రిన్సిపాలు అన్నారు. సివిల్ రెండో ఏడు చదివే అమ్మాయికి ఆ పని అప్పజెప్పారు. చురుకైన పిల్ల. క్లాసులో అందరికన్నా ముందు లెక్క తేల్చేది తనే. ఆ తొందరే కొంప ముంచింది. ఎత్తు రోడ్డు మీద నుంచి కొలవాల్సింది, రోడ్డు పక్కన పల్లంలో పాతిన సర్వే రాయి మీద నుంచి కొలిచింది. రోడ్డు ఆ రాయి కన్నా బాగా ఎత్తు. ఆ మేరకి తోరణం పొట్టిదైంది. కాగితం మీద అయిదుగురు పెద్దలు సంతకాలు పెట్టారు. పెట్టారు గాని, చూసి పెట్టాలన్న రూలు ఎక్కడా లేదు కదా.

తోరణం కట్టడం అయిపోయింది, రంగులేశారు. మర్నాడు కాలేజీ బస్సు గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఆపావేం?" అన్నాడు వాచ్‌మన్.

"నాకేం, వెళ్లమంటే వెళ్తా. టాపు మాత్రం ఇక్కడే ఉంటుంది, నువ్వు చూసుకుంటూ ఉండు" అన్నాడు డ్రైవరు.

ఆ రోజునించీ బస్సు రోడ్డు మీదే ఆగేది, అందరూ దిగి నడిచేవారు. తోరణానికి 'తలవంచు ద్వారం' అని పేరు పడిపోయింది. నిజానికి దాని కింద మనిషి తల వంచక్కర్లేదు, ఏనుగు కూడా వెళ్లొచ్చు. కానీ పేరు పెట్టేవాడు కొలత చూసి పెట్టడు. అయిదుగురు పెద్దలూ కాగితం తెప్పించుకుని చూసి, ఆ సంతకం తమదేగాని చెయ్యి తమది కాదన్నట్టు మాట్లాడారు. మిగిలింది ఆ పిల్ల. ఆ పిల్ల క్యాంటీనులోకి వెళ్తే చాలు, ఎవడో ఒకడు గుమ్మం దగ్గర వంగి నడిచేవాడు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి తాతయ్య బల్ల దగ్గరికొచ్చింది. కథ కోసం రాలేదు. వీడ్కోలు చెప్పడానికి వచ్చింది.

"సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోతున్నా సార్. మా పెద్దమ్మకి బొమ్మల కొట్టుంది. అక్కడ కొలవాల్సిందేమీ ఉండదు."

"కూర్చోమ్మా" అన్నాడు తాతయ్య. గొంతు సవరించుకున్నాడు. "మొదటి బ్యాచిలో ఒకడుండేవాడు. ఊరికి నీళ్ల ట్యాంకు కట్టాడు. నీళ్లు బయటికొచ్చే గొట్టం అడుగున పెట్టాలా, పైన పెట్టాడు. ట్యాంకు నిండి పొర్లితేగాని ఊరికి చుక్క దిగదు."

"తర్వాత?"

"తర్వాతా, వాడే పెద్దపెద్ద ఆనకట్టలన్నీ కట్టాడు."

అమ్మాయి నవ్వలేదు. తాతయ్య కళ్లజోడు తుడవబోయి ఆగాడు.

"సార్, మొదటి బ్యాచిలో ఎంతమందండీ?"

"చాలామంది."

"ఆఫీసు గదిలో ఫొటో చూశాను. ఒక బెంచీ మీద కూర్చున్నవాళ్లూ, వెనకాల నిలబడ్డవాళ్లూ, అంతే. మా హాస్టల్లో ఒక్కొక్కరికీ మీరు చెప్పినవాడు ఒక్కొక్కడున్నాడు. మా అంతస్తుకే ఆ ఫొటో చాలదు సార్."

తాతయ్య కళ్లజోడు సరిచేసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన కథకి ఎవరూ లెక్క కట్టలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆ భయం ఉంటుందని ఆయన అనుకోనే లేదు.

"మీ మీద కోపం లేదు సార్" అంది అమ్మాయి. "కానీ చేతనైనవాళ్లని ఎవరూ అబద్ధం చెప్పి ఓదార్చరు. నా పనయిపోయిందని మీకూ తెలుసన్నమాట."

"లేదమ్మా, లేదు. ట్యాంకువాడు ఉన్నాడు. ఉత్సవానికి వస్తున్నాడు కూడా. నువ్వే అడుగు" అన్నాడు తాతయ్య. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"అడుగుతాను. లేడని తేలితే మర్నాడు వెళ్లిపోతాను."

ఇంటికొచ్చాక తాతయ్య కుడితిలో పడ్డ ఎలకలా తిరుగుతుంటే అమ్మమ్మ నిలేసింది. సంగతంతా కక్కించింది.

"ఇంతకీ ఆనకట్టలు కట్టింది మీ ఫ్రెండే కదూ? ఆయనకి ఫోన్ చేసి ఒప్పించండి. ఒక్క అబద్ధమేగా."

"ఏ మొహంతో అడగనే? పుట్టి బుద్ధెరిగాక వాడొక్క తప్పు చెయ్యలేదు. గోల్డ్ మెడలు. వాడి చొక్కా కూడా ఎప్పుడూ నలగలేదు. వాణ్ణి పట్టుకుని నలుగురిలో వెధవనని ఒప్పుకోమనా?"

"మీ పరువుతో పోయేది కాదిది. ఆ పిల్ల చదువు. చెయ్యండి ఫోను."

చేశాడు. "ఏరా, ఒంట్లో ఎలా ఉంది" అన్నాడు. "ఆహా" అన్నాడు. "ఓహో" అన్నాడు. పెట్టేశాడు.

"ఏమన్నారు?"

"మోకాలు నొప్పిట."

ఉత్సవం రోజు రానే వచ్చింది. మొదటి బ్యాచిలో మిగిలినవాళ్లు కాలేజీ బస్సులో వచ్చి, తోరణం అవతల దిగి, కర్రలు ఊతంగా నడుచుకుంటూ వేదికెక్కారు. ఇస్త్రీ మడత చెడకుండా కూర్చున్నాయన ఆనకట్టాయన. పక్కన ఆజానుబాహువు రైల్వే ఆయన. ఆ చివర, బ్యాచికంతటికీ ఒక్కతే ఆడపిల్లగా చదివిన కరెంటు మామ్మ. తాతయ్య కూడా వాళ్ల పక్కనే, ఉరికంబం ఎక్కినట్టు కూర్చున్నాడు.

ప్రిన్సిపాలు చరిత్ర చదివారు. పూర్వం మహానుభావులు ఒక భాండాగారంలో, జీవవైవిధ్యం నడుమ విద్యాదీపం వెలిగించారన్నారు. కరెంటు మామ్మ పక్కకి వంగి, "మనం చదివింది ఈ కాలేజీయేనా?" అని అడిగింది. ఆ తర్వాత బ్రాంచీల పేర్లు చదివారు. మధ్యలో మంచినీళ్లు తాగి మళ్లీ చదివారు.

చివర్లో విద్యార్థుల ప్రశ్నలన్నారు. ఇద్దరు పిల్లలకి చెరో ప్రశ్నా ముందే బట్టీ పట్టించారు. కానీ మైకు ఆ ఇద్దరినీ చేరేలోపే సివిల్ అమ్మాయి అందుకుంది.

"పెద్దలకి నమస్కారం. మీలో ట్యాంకు గొట్టం అడుగున పెట్టకుండా పైన పెట్టింది ఎవరండీ?"

ప్రిన్సిపాలు మైకు ఆపమని సైగ చేశారు. ఆ మైకు రోజూ తనంతట తనే ఆగిపోయేది. ఆ రోజు మాత్రం ఆపినా ఆగలేదు.

ఆనకట్టాయన ఆ అమ్మాయి వైపు చూశాడు. రెండు చేతులతో మైకు పట్టుకుని, జవాబు కోసం నిలబడే ఉంది. పక్కకి తిరిగి తాతయ్యని చూశాడు. తాతయ్య తల దించుకుని, మెరుస్తున్న కళ్లజోడునే పదే పదే తుడుస్తున్నాడు. ఆనకట్టాయన కర్ర ఊతంగా లేచాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకా సంగతి?"

"మా సార్."

"వీడి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడాయన తాతయ్యని చూపించి. "ఆ గొట్టం పెట్టింది నేనే."

తాతయ్య కళ్లజోడు జారి ఒళ్లో పడింది.

"ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడ్డారు" అని ఆనకట్టాయన అందుకున్నాడు. జీవితంలో మొదటిసారి అబద్ధమాడుతున్నవాడికి ఎక్కడ ఆపాలో తెలీదు. "ట్యాంకు నిండా నీళ్లు, చుక్క దిగదు. చివరికి నేనే నిచ్చెనెక్కి చెంబుతో తోడి పోశాను. రెండు నెలలు పోశాను. పెళ్లిచూపులకి కూడా ఆ నిచ్చెన మీదికే వచ్చారు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఒక కుర్రాడు లేచాడు. "మరి కలవని సొరంగం ఎవరిది సార్?"

రైల్వే ఆయన ఒక్క క్షణం తాతయ్య కేసి చూశాడు. "ఒకటి కాదు బాబూ, రెండు సొరంగాలు. రెండూ నావే. వీడి గొట్టం ఏపాటి, చెంబుతో సరిపోయింది. నేను కొండనే పాడుచేశాను."

"ఊరంతా చీకటి చేసిందెవరు?" అని ఇంకో మూల నుంచి కేక.

"నేను" అంది కరెంటు మామ్మ. "మొదటి బ్యాచిలో ఒకడుండేవాడు అని చెప్పుంటాడు కదూ వీడు? ఒకడు కాదు. నేను."

ఇంక పట్టపగ్గాలు లేవు. హాల్లో ప్రతివాడికీ ఒక వెధవ బాకీ ఉన్నాడు. బాయిలరెవరిది, ధాన్యం సంచీ ఎవరిది అని ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. వేదిక మీద పెద్దవాళ్లు నాదంటే నాదని పోటీలు పడుతున్నారు. బాయిలరు కోసం ఇద్దరు నిజంగానే గొడవపడ్డారు. ముఖ్య అతిథికి ఏమీ అర్థం కాక చప్పట్లు కొడుతున్నాడు.

ప్రిన్సిపాలు మైకు లాక్కున్నారు. ఇక సభ ముగిసిందని అనబోతున్నారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం వేదిక మీది పెద్దల వైపు తిరిగి, చిన్న గొంతుతో అడిగారు.

"గేరు తలకిందులుగా బిగించి, లారీని ముందుకని వెనక్కి పంపించినాయన ఎవరండీ? ఇక్కడ చదువుకునే రోజుల్లో నేను ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికెళ్లిపోతుంటే మాస్టారు నాకు ఆయన కథ చెప్పారు. ఎప్పటినుంచో ఒకసారి చూడాలని ఉంది."

ఈసారి వేదిక మీద పోటీ లేదు. అప్పటికే ఒక్కొక్కరి నెత్తిన మూడేసి తప్పులున్నాయి. తాతయ్య కళ్లు మూసుకున్నాడు.

"అదీ నేనే నాయనా" అంది కరెంటు మామ్మ. "అప్పటికి చీకటిగా ఉంది కదా, గేరు సరిగ్గా కనబడలేదు."

ప్రిన్సిపాలు ఆవిడకి రెండు చేతులూ జోడించారు. మిగిలిన ఉపన్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

సభయ్యాక టీల దగ్గర ఆనకట్టాయన తాతయ్య భుజం పట్టుకున్నాడు. "ఏరా, నిచ్చెన మీద పెళ్లిచూపులేమిట్రా? మా ఆవిడ వింటే ఇంట్లోకి రానిస్తుందా?"

"నిచ్చెన నేను చెప్పలేదురా. అది నీదే."

"అవునా?" అని ఆయన కాస్త గర్వంగా మీసం సవరించుకున్నాడు.

అంతలో అమ్మాయి వచ్చింది. "అందరూ చెప్పింది అబద్ధమే కదా సార్?"

తాతయ్య ఈసారి ఏ బ్యాచి వెనకా దాక్కోలేదు. "అవునమ్మా" అన్నాడు.

"పనికిరానిదాని కోసం ఇంతమంది పెద్దవాళ్లు అంతమందిలో పరువు తీసుకోరు కదా సార్." అమ్మాయి టీ కప్పులోకి చూస్తూ అంది. "సర్టిఫికెట్లు తీసుకోవడం లేదు. కానీ ఒక మాట. ఇకమీద ఎవరైనా కొలత తప్పితే, లేనివాళ్ల కథ చెప్పకండి. నా కథ చెప్పండి. నేను నిజంగానే ఉన్నాను."

తర్వాతి వారమే ఆ పిల్ల మళ్లీ కొలతలు తీసింది. ఈసారి రోడ్డు మీద నుంచి. సంతకాలు పెట్టిన అయిదుగురు పెద్దల చేతా ఎండలో కొలకర్ర పట్టించింది. తోరణాన్ని ముట్టుకోకుండా, దాని కింద రోడ్డునే ఏటవాలుగా తవ్వి దించే ప్లాను గీసింది. ఇప్పుడు బస్సు కాదు, బస్సు మీద బస్సు పెట్టినా దూరిపోతుంది.

తాతయ్య మాట నిలబెట్టుకున్నాడు. కొలత తప్పినవాడెవడు బల్ల దగ్గరికొచ్చినా, "ఒకమ్మాయి ఉండేదిరా, అదిగో ఆ తోరణాన్ని బస్సు పట్టనంత పొట్టిగా కట్టించింది" అని మొదలెడతాడు. వాళ్లు తలెత్తి తోరణం చూస్తారు. దాని కిందనుంచి హాయిగా వెళ్లిపోతున్న బస్సుని చూస్తారు. ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు.

"సొరంగాలది చెప్పండి సార్. ఇది మరీ అతికినట్టు లేదు" అంటారు.

తాతయ్య ఇంటికొచ్చి చిందులు తొక్కుతాడు. ఇన్నేళ్లకి ఒక్క నిజం చేతికొస్తే, దాన్ని మాత్రం ఎవడూ నమ్మడని అమ్మమ్మతో మొరపెట్టుకుంటాడు.